గ్యారేజీ లేకపోతే ఏం, ఆరడుగుల బల్ల ఉంది కదా

"వెదురుతో ఫ్లై రాడ్, అదే చేపల గాలపు కర్ర, చెయ్యాలని నాకూ ఉంది గానీ, చోటేదండీ?" ఇల్లు కొన్నాక చూద్దాం, గ్యారేజీ వచ్చాక చూద్దాం అంటూ ఏళ్లు వెళ్లదీసేవాళ్లను చాలామందిని చూశాను. న్యూజెర్సీలో రెండు బెడ్రూముల అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఈ పని చేసుకుంటున్నవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను: చోటు లేదన్నది ముప్పాతిక వంతు సాకు. మిగిలిన పాతిక వంతు నిజమైన ఇబ్బందే. ఈ రెండింటినీ విడదీయకుండా కలగాపులగం చేసుకోవడం వల్లే చాలామంది మొదలుపెట్టరు.

ఫ్లై ఫిషింగ్ తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. మామూలు గాలంలో ఎరకో, దానికి కట్టిన సీసానికో బరువుంటుంది, ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర అంటే ఈకలూ దారమూ చుట్టిన చిన్న కొక్కెం. దానికి బరువే ఉండదు. అందుకని దారాన్నే లావుగా, బరువుగా చేసి, దాన్ని వెనక్కీ ముందుకీ ఊపి విసురుతారు. ఆ ఊపంతా కర్ర వంగి లేవడంలోంచి రావాలి. ఇప్పుడు ఈ కర్రలు గ్రాఫైట్‌తో వస్తున్నాయి గానీ, 1950కి ముందు మంచి రాడ్ అంటే వెదురుదే. వెదురంటే బొంగును బొంగులాగే వాడటం కాదు. బొంగును నిలువునా చీల్చి, ఒక్కో బద్దను మూడు పలకలుగా, ప్రతి మూలా 60 డిగ్రీలు ఉండేలా చిత్రిక పట్టి, అలాంటివి ఆరు కలిపి అంటిస్తే ఆరు పలకల గట్టి కర్ర తయారవుతుంది. పిడి దగ్గర పెన్సిలు కంటే కాస్త లావు, కొస దగ్గర అగ్గిపుల్ల కంటే సన్నం.

ఇక చోటు సంగతి. ఈ పనికి కావలసింది వైశాల్యం కాదు, పొడవు. ఏడడుగుల రాడ్‌ను రెండు ముక్కలుగా చేస్తే ఒక్కో ముక్క 42 అంగుళాలు. కొసలు పోతాయి కాబట్టి బద్దలు నాలుగడుగులుండాలి. చిత్రిక పట్టేటప్పుడు వాటిని గాడిలో పట్టి ఉంచే ఇనప అచ్చు, దాన్నే ఫారం అంటారు, ఐదడుగులు, వెడల్పు రెండంగుళాలైనా ఉండదు. అంటే ఐదారడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న గట్టి బల్ల చాలు. డైనింగ్ టేబుల్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇది ఉన్నట్టే. టేబుల్ పొట్టిదైతే దాని మీద మందపాటి చెక్క పలక ఒకటి వేసి రెండు క్లాంపులు బిగిస్తే సరి. అద్దె గోడలకు మేకు కొట్టే పనే లేదు.

మరి వర్క్‌షాపు ఉండాలన్న భ్రమ ఎక్కణ్నుంచి వచ్చింది? నా అనుమానం, ఫ్యాక్టరీల చరిత్రలోంచి. ఇక్కణ్నుంచి డెలావేర్ నది దాటితే పెన్సిల్వేనియాలో ఈస్టన్ అని ఒక ఊరుంది. చీల్చిన వెదురు బద్దలను అంటించి రాడ్ చెయ్యడం అమెరికాలో 1840లలో అక్కడే, శామ్యూల్ ఫిలిప్పీ అనే తుపాకుల మేస్త్రి చేతిలో మొదలైందని చెబుతారు. ఆయన వయొలిన్లు కూడా చేసేవాడు. తర్వాత మెయిన్ రాష్ట్రంలో హైరమ్ లెనార్డ్ 1870లలో బద్దలను కోణం తప్పకుండా కోసే యంత్రం తయారుచేశాడు. అప్పటినుంచి పేరున్న కంపెనీలన్నిటికీ అలాంటి యంత్రాలే ఆయువుపట్టు. పాత ఫొటోల్లో మనం చూసేదంతా ఆ బెల్టులూ చక్రాలే. కానీ ఎవరెట్ గ్యారిసన్ అనే ఇంజనీరు న్యూయార్క్ దగ్గర ఒక్కడే కూర్చుని, కర్ర ఎక్కడ ఎంత ఒత్తిడి మోస్తుందో లెక్కలు కట్టి, చేతి చిత్రికతో రాడ్లు చేశాడు. ఆయన పద్ధతిని వివరంగా రాసిన పుస్తకం 1977లో వచ్చింది. ఇవాళ ఇళ్లలో రాడ్లు చేసుకునేవాళ్లలో చాలామంది ఏదో ఒక రూపంలో ఆ దారినే నడుస్తున్నారు. మనం పోల్చుకోవలసింది ఆయన బల్లతో. లెనార్డ్ కార్ఖానాతో పోల్చుకుని దిగులుపడితే లాభం లేదు.

ఇక్కడ మనవాళ్లకు నచ్చే సంగతి ఒకటుంది. ఫిలిప్పీ కాలంలో వాడింది ఇండియా నుంచి వచ్చిన వెదురు, దాన్ని కలకత్తా వెదురనేవారు. అది సాధన వెదురేనని ఎక్కువమంది అభిప్రాయం. మన నల్లమలలో పెరిగేదీ, పోలీసుల లాఠీలకు పనికొచ్చేదీ అదే జాతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్ని పక్కకు నెట్టి చైనాలోని గ్వాంగ్‌డాంగ్ కొండల వెదురు వచ్చింది. టాంకిన్ కేన్ అని పేరు. మెక్‌క్లూర్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త 1931లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. కణుపులు దూరం దూరంగా, పెద్దగా ఉబ్బకుండా ఉంటాయి, బొంగు తిన్నగా పెరుగుతుంది, పైతోలు కిందనే నారలు దట్టంగా ఉంటాయి. ఆ నారలే రాడ్‌కు ప్రాణం. కొరియా యుద్ధ సమయంలో, 1950లో, అమెరికా చైనా సరుకును ఆపేసింది. టాంకిన్ వెదురు రావడం ఆగిపోయింది, ఈలోగా ఫైబర్‌గ్లాస్ మార్కెట్టును ఊడ్చేసింది. ఆ తలుపులు మళ్లీ తెరుచుకున్న కొద్దికాలానికే గ్రాఫైట్ వచ్చేసింది. ఒక బొంగుకు వంద డాలర్ల దాకా అవుతుందని ఫోన్లో మా అమ్మతో అంటే, "వెదురు బొంగు డబ్బులు పెట్టి, అదీ చైనాది కొన్నావా? అమెరికా వెళ్లి నేర్చుకున్నది ఇదేనట్రా?" అంది. జవాబు చెప్పలేదు.

పన్నెండడుగుల బొంగు అపార్ట్‌మెంట్ మెట్లెక్కదు, లిఫ్టులో పట్టదు. అమ్మేవాళ్లు పార్సిల్ కోసం ఎలాగూ రెండు ఆరడుగుల ముక్కలు చేసి పంపుతారు. అలాగే తీసుకోండి. లావు ముక్క పిడి భాగానికి, సన్న ముక్క కొసలకు. రెండు కొస ముక్కలు చేసుకోవడం ఆనవాయితీ, ఒకటి విరిగితే ఇంకోటి. పిడికి ఆరు, కొసలకు పన్నెండు, మొత్తం పద్దెనిమిది బద్దలు. అవి పోను ఇంకా మిగులుతాయి.

చీల్చడం గురించి ఇక్కడి శిక్షణల్లో పనిముట్ల జాబితాలు పెద్దవే ఇస్తారు. నాకు మాత్రం ఈ విద్యలో గురువులు మేదర్లు. రోడ్డు పక్క చెట్టు కిందో, అరుగు మీదో కూర్చుని తడికలూ తట్టలూ అల్లేవాళ్ల సరంజామా ఏపాటిది? ఒక కత్తి, రెండు చేతులు, అవసరమైతే కాలి బొటనవేలు. బొంగు కొసన కత్తి ఆనించి ఒక్క దెబ్బ కొడతారు. చీలిక మొదలయ్యాక కత్తి పని దాదాపు అయిపోయినట్టే, మిగతాదంతా చేతులది. చీలిక ఎప్పుడూ తిన్నగా పోదు, ఒక పక్క సన్నబడుతూ ఇంకో పక్క లావెక్కుతూ పోతుంది. అప్పుడు లావు పక్కను ఎక్కువ వంచాలి. ఎటు ఎక్కువ వంచితే చీలిక అటు తిరుగుతుంది, అలా మళ్లీ మధ్యకొస్తుంది. కొత్తవాళ్లు భయంకొద్దీ సన్న పక్కను పట్టుకు లాగుతారు, అది పుటుక్కున తెగిపోతుంది. ఎప్పుడూ సగానికి సగం చీల్చుకుంటూ పోవడమే ఉపాయం, ఎందుకంటే రెండు పక్కలూ సమానంగా ఉంటేనే చీలిక మాట వింటుంది. దీనికి కావలసిన చోటు ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత. రంపంతో కోస్తే తిన్నగా వస్తుంది కదా అనొచ్చు. వస్తుంది, కానీ రంపం నారల దారిని పట్టించుకోదు, అడ్డంగా కోసేస్తుంది. చీలిక నార వెంట పోతుంది. పైగా రంపం పొడి ఇంట్లో పెద్ద తలనొప్పి.

పొడి అంటే గుర్తొచ్చింది. గ్యారేజీలో బూట్లేసుకుని పనిచేసే అమెరికావాడికి తెలియని కష్టం ఒకటి మనకుంది. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం. వెదురు పేడు కార్పెట్‌లో దూరితే వాక్యూమ్‌కు చిక్కదు, అరికాలికి చిక్కుతుంది, అదీ ఇంటికి చుట్టాలొచ్చిన రోజున. పాత దుప్పటి పరిచి దాని మీదే చీల్చడం, అయిపోగానే నాలుగు మూలలూ కలిపి మూటకట్టి బయట దులపడం తప్ప దీనికి మందు లేదు. కుదిరితే చీల్చే పని బాల్కనీలో పెట్టుకోండి. సుత్తి దెబ్బలు కింది ఫ్లోరుకు వినిపిస్తాయి కాబట్టి శనివారం మధ్యాహ్నం మంచిది. మిగతా పనిలో చప్పుడే లేదు. పదునైన చిత్రిక వెదురు మీద నడిచే శబ్దానికి పక్క గదిలో పసిపిల్ల కూడా లేవదు. రాత్రి పదింటికి పనిచేసుకోవచ్చంటే అది చేతి పనిముట్ల వల్లే. మెషీన్లు కొని ఉంటే పోలీసులు వచ్చేవాళ్లు.

చీల్చాక కణుపులు. ఉత్సాహం చల్లారేది ఇక్కడే. ప్రతి బద్దకూ మూడో నాలుగో కణుపులుంటాయి, అంటే రాడ్ మొత్తానికి యాభై పైమాటే. ఒక్కోదాన్ని ఆకురాయితో పలచగా రుద్ది, హీట్ గన్ వేడికి మెత్తబరిచి, వైస్‌లో (మర తిప్పి బిగించే పట్టుకారులో) నొక్కి చదును చెయ్యాలి, వంకరుంటే ఆ వేడి మీదే తీర్చాలి. ఆకురాయి ఒక్క రుద్దు ఎక్కువ పడితే పక్కనున్న నారలు తెగుతాయి. తక్కువ పడితే చిత్రిక అక్కడ గుచ్చుకుని పెళ్ల లేపుతుంది. వేడి ఎంతసేపన్నది వేళ్లకు తెలియాలి. చేతిలో బిర్రుగా ఉన్న బద్ద ఒక్క క్షణంలో లొంగుతుంది, ఆ క్షణం దాటితే మాడుతుంది. ఇదంతా కుర్చీలో కూర్చుని చేసే పని. వైస్ బల్ల అంచుకు బిగించే చిన్నదైతే చాలు.

అసలు ఖర్చు పెట్టవలసింది ఫారం మీద. రెండు ఉక్కు కడ్డీలు పక్కపక్కన, వాటి మధ్య 60 డిగ్రీల గాడి. ఐదంగుళాలకొక జత స్క్రూలు. ఒకటి కడ్డీలను దూరం తోస్తే ఇంకోటి దగ్గరకు లాగుతుంది. వాటిని తిప్పి గాడి లోతు ఎక్కడికక్కడ అంగుళంలో వెయ్యో వంతు లెక్కన సరిచేస్తాం. కర్ర ఫలానా చోట ఎంత లావుండాలో టేపర్ పట్టిక చెబుతుంది, అందులో సగం గాడి లోతు. కొస దగ్గర కర్ర 70 వెయ్యో వంతులైతే బద్ద 35, అంటే మిల్లీమీటరు కూడా లేదు. అంత సన్నని మూడు పలకల కడ్డీని చేతి చిత్రికతో తియ్యడం వినడానికి అసాధ్యంలా ఉంటుంది. కానీ గాడి తప్పుదారి పోనివ్వదు. చిత్రిక అడుగు ఉక్కును తాకిందంటే అక్కడికి ఆగమని అర్థం. మీరు చెయ్యవలసిందల్లా రెండే: బ్లేడు పదును తగ్గకుండా చూసుకోవడం, పైతోలు వైపు పొరపాటున కూడా చిత్రిక పట్టకపోవడం. బలమైన నారలన్నీ ఆ పక్కనే ఉంటాయి. ఎంత తియ్యాలన్నా లోపలి రెండు పలకల నుంచే తియ్యాలి.

ఈ ఫారాన్ని సొంతంగా చేసుకొమ్మని చాలామంది సలహా ఇస్తారు. డ్రిల్ ప్రెస్ లేని ఇంట్లో ఉక్కు కడ్డీలకు వరసగా రంధ్రాలు వేసి మరలు కోసుకోవడమంటే రాడ్ చెయ్యడం కన్నా పెద్ద ప్రాజెక్టు. కొనండి. కొన్ని వందల డాలర్లవుతుంది, నిజమే. ఐదడుగుల ఫారం ఇరవై పౌన్ల దాకా బరువుంటుంది, ఆ బరువుకే బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది, పని లేనప్పుడు మంచం కిందికి పోతుంది. కొత్త చిత్రిక, లోతు కొలిచే డయల్, హీట్ గన్, వెదురు, మిగతా సామాను కలిపితే మొదటి రాడ్ వెయ్యి డాలర్లకు అటూ ఇటూ పడుతుంది. దానిలో సగానికే చక్కటి గ్రాఫైట్ రాడ్ వస్తుంది, తేలిగ్గా కూడా ఉంటుంది. డబ్బు ఆదా కోసమైతే ఈ జోలికి రావద్దు.

ఇప్పుడు ఆ పాతిక వంతు నిజమైన ఇబ్బంది దగ్గరికి వద్దాం. అది వేడి, వాసన, ఎత్తు.

వేడి ఎందుకంటే, తుది చిత్రికకు ముందు బద్దలను 350 నుంచి 375 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర కొన్ని నిమిషాలు కాల్చాలి. తేమ పోయి వెదురు బిర్రెక్కుతుంది. నాలుగడుగుల బద్ద వంటింటి అవెన్‌లో పట్టదు. బాల్కనీలో మంట పెడితే అద్దె ఒప్పందం ఒప్పుకోదు. అందరూ చేసే ఉపాయం, ఒక రేకు గొట్టంలో ఇంకో గొట్టం పెట్టి, ఒక చివర హీట్ గన్ బిగించడం. వేడిగాలి బయటి గొట్టంలోంచి ఆ చివరిదాకా పోయి లోపలి గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. బద్దలు లోపలి గొట్టంలో ఉంటాయి. రెండు చివర్లా థర్మామీటర్లు పెట్టి, రెండూ దాదాపు ఒకే అంకె చూపేదాకా బద్దలు పెట్టకండి. హీట్ గన్ 1500 వాట్లు లాగుతుంది. మైక్రోవేవ్ అదే లైన్ మీద ఉంటే బ్రేకర్ పడిపోతుంది, సరిగ్గా బద్దలు లోపలున్నప్పుడే. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోవడం అన్నివిధాలా మంచిది. కాల్చిన వెదురు గాల్లో తేమను మళ్లీ పీల్చుకుంటుంది కాబట్టి న్యూజెర్సీ జులైలో ఈ పని పెట్టుకోను. హీటరు నడిచే చలికాలంలో ఇల్లంతా ఎండిపోయి పెదాలు పగులుతుంటాయి చూడండి, వెదురుకు అదే మంచి సీజను.

వాసన జిగురుతో వస్తుంది. పాతకాలపు రాడ్ జిగుర్లు కొన్ని ఫార్మాల్డిహైడ్ మీద ఆధారపడినవి. నీటికి తట్టుకుంటాయని ఇప్పటికీ వాటినే మెచ్చుకునేవాళ్లున్నారు. పిల్లలు పడుకునే ఇంట్లో నాకు ఆ చర్చే అనవసరం. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ వాడితే ఆరు బద్దలకూ పూసి, కలిపి, దారం చుట్టి, బల్ల మీద దొర్లించి వంకర తియ్యడానికి కావలసినంత టైముంటుంది. టైట్‌బాండ్ లాంటి కర్ర జిగురుతో కూడా మంచి రాడ్లు చేస్తున్నారు గానీ అది తొందరగా పట్టేస్తుంది, చెయ్యి తిరిగేదాకా టెన్షన్. దారం చుట్టే మెషీన్ లేకపోయినా ఇద్దరు మనుషులు చాలు, ఒకరు కర్ర తిప్పుతూ ఉంటే ఒకరు దారం బిగిస్తూ. చుట్టాక కింద బరువు కట్టి బట్టల అల్మారాలో వేలాడదీస్తే సరి.

ఎత్తు సమస్య వార్నిష్ దగ్గర. మామూలు పద్ధతిలో వార్నిష్ నింపిన నిలువు గొట్టంలో కర్రను ముంచి, మెల్లగా పైకి లాగుతారు. 42 అంగుళాల ముక్కకు 45 అంగుళాల గొట్టం, దాన్ని పూర్తిగా పైకి లాగడానికి ఇంకో 42. మొత్తం 87. అమెరికా అపార్ట్‌మెంట్ కప్పు సాధారణంగా 96 అంగుళాలు. పైన కప్పీకి, మోటారుకు చోటు చూసుకుంటే ఇరుకే. తేలికైన దారి, కర్రను కదల్చకుండా గొట్టం అడుగున ఒక కుళాయి పెట్టి వార్నిష్‌నే మెల్లగా దించెయ్యడం. గొట్టం ఎత్తు తప్ప ఇంకేం అక్కర్లేదు. దుమ్ము పడకుండా ఉండాలంటే ఇంట్లో స్నానాలగదిని మించిన చోటు లేదు. వేణ్నీళ్లు వదిలి ఆవిరి పట్టించి, అది దిగాక ఆ గదిలో దుమ్ము లేవదు. రాత్రంతా తలుపు మూసి ఉంచాలి. ఒకటే బాత్రూమ్ ఉన్న ఇంట్లో ఇదొక్కటే నిజంగా కుదరని పని. అలాంటివాళ్లు గుడ్డతో పలచగా రుద్దే నూనె పూతతో సరిపెట్టుకోవచ్చు, నాకైతే అది కూడా బాగుంటుంది.

చోటు తక్కువైతే మూడు ముక్కల రాడ్ చేసుకోమని ఒక సలహా వినిపిస్తుంది. ఏడడుగులను మూడు చేస్తే 28 అంగుళాలే కాబట్టి అన్నీ చిన్నవైపోతాయని వాదన. నేను ఒప్పుకోను. ముక్కకూ ముక్కకూ మధ్య ఫెర్రూల్ అనే నికెల్ సిల్వర్ గొట్టాల జత వస్తుంది. ఆరు పలకల కర్ర కొసను గుండ్రంగా, ఆ గొట్టంలో బిగుతుగా దూరేలా చెక్కాలి. లేత్ మెషీన్ ఉన్నవాడికి అది ఐదు నిమిషాల పని. మనం డ్రిల్‌కు బిగించి ఆకురాయితో, గరుకు కాగితంతో, చూస్తూ కొలుస్తూ చెయ్యాలి. నిజానికి అపార్ట్‌మెంట్‌లో లోటు తెలిసేది ఒక్క లేత్‌దే. లేత్ లేనివాడు ఆ కష్టాన్ని రెట్టింపు చేసుకోవడమేమిటి? రెండు ముక్కలే చెయ్యండి, నాలుగో నంబరు (దారం బరువును బట్టి ఇచ్చే నంబరు) దారానికి, ఏడడుగులు. ఈ చుట్టుపక్కల కెన్ లాక్‌వుడ్ గోర్జ్ అనే ఇరుకు నదీ లోయ లాంటి చోట, చెట్ల కొమ్మల కింద ట్రౌట్ చేపల కోసం విసరడానికి అంతకన్నా పొడుగుది అడ్డమే. కార్క్ పిడి మాత్రం డ్రిల్‌కు బిగించి సులువుగానే తిప్పుకోవచ్చు, బద్ధకమైతే చెక్కినదే కొనుక్కోవచ్చు. దానివల్ల రాడ్ మీది కాకుండా పోదు.

వారం రోజుల క్లాసులో చేరమనే వాళ్లున్నారు. సెలవూ డబ్బూ ఉంటే తప్పకుండా వెళ్లండి, చిత్రిక ఎంత పదునుండాలో ఒకసారి చేత్తో తెలుసుకుంటే చాలా దూరం నడిపిస్తుంది. కానీ అక్కడ అన్నీ అమర్చిన బల్ల మీద చేసి ఇంటికొచ్చాక, "ఇవన్నీ ఇక్కడెలా?" అని మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చి ఆగిపోయినవాళ్లూ నాకు తెలుసు.

అందుకని కొనే వరస మార్చమంటాను. అందరూ ముందు ఫారం కొని తర్వాత వెదురు తెప్పిస్తారు. ముందు ఒక్క బొంగు, ఒక కత్తి, ఆకురాయి, హీట్ గన్, చిన్న వైస్ తెచ్చుకోండి. చీల్చండి, కణుపులన్నీ తీర్చండి. ఆ యాభై పైచిలుకు కణుపుల దగ్గర విసుగు పుట్టకపోతే అప్పుడు ఫారానికి ఆర్డరు పెట్టండి. విసుగు పుడితే పోయింది బొంగు ఖరీదు, కొద్దిగా సామాను. ఆకురాయి, వైస్ ఇంట్లో ఎప్పుడైనా పనికొస్తాయి, బద్దలు బాల్కనీలో టమాటా మొక్కలకు ఊతంగా పాతొచ్చు.